రీస్టార్ట్ చేసిందెవరు?

అందరికీ నమస్కారం. ఈ పూట ఒకే ఒక్క కంప్లెయింట్ గురించి మాట్లాడుకుందాం. డెస్క్‌టాప్ బాగానే నడుస్తుంటుంది. ఉన్నట్టుండి స్క్రీన్ నల్లబడుతుంది. మనం ఏమీ ముట్టుకోలేదు, అయినా మళ్లీ లోగో వచ్చి మొదటి నుంచి మొదలవుతుంది. సేవ్ చేయని పని గోవిందా.

అసలు ఆన్ కాని మెషీన్ వస్తే రిపేరు చేసేవాళ్లకి పెద్ద బెంగ ఉండదు. ఏ భాగం మారిస్తే ఆన్ అయిందో ఆ భాగమే దోషి. ఇది అలా కాదు. బల్ల మీద పెట్టి చూస్తే రోజంతా బుద్ధిగా నడుస్తుంది. ఇంటికి పట్టుకెళ్లిన సాయంత్రమే ఫోన్ వస్తుంది, "మళ్లీ అయిందండీ" అని.

అందుకని చాలామంది చేతికందిన వైద్యం చేస్తారు. ర్యామ్ (మెమరీ స్టిక్కులు) తీసి రబ్బరుతో తుడుస్తారు. విండోస్ ఫార్మాట్ కొడతారు. ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కి కరెంటు అందించే పవర్ సప్లై పెట్టె, మార్చేస్తారు. ఒక్కోసారి తగ్గుతుంది కూడా. కాకపోతే మూడూ ఒకేసారి చేశారు కాబట్టి ఏది పనిచేసిందో తెలియదు. అందుకే నేను చెప్పేది ఒకటే. స్క్రూడ్రైవర్ పట్టుకోకముందు, ఆ రీస్టార్ట్ ఎవరు చేశారో తేల్చండి.

అనుమానితులు ముగ్గురు. మొదటిది, సాఫ్ట్‌వేర్ కావాలనే పద్ధతిగా రీస్టార్ట్ చేయడం. అప్‌డేట్లు చేసేది ఇదే. రెండోది, సాఫ్ట్‌వేర్ లోపల ఏదో కుప్పకూలి, ఇక ముందుకు వెళ్లడం ప్రమాదమని విండోస్ తనంతట తాను ఆగి మళ్లీ మొదలవడం. అదే బ్లూ స్క్రీన్. కొత్త విండోస్ 11లో ఆ తెర నల్లగా వస్తున్నా, పేరు మాత్రం అదే. మూడోది, విండోస్‌కి ఒక్క మాట కూడా చెప్పకుండా హార్డ్‌వేరో కరెంటో దాని కాళ్ల కింద నేల లాగేయడం. కుర్చీలో కూర్చున్న మనకి మూడూ ఒకేలా కనిపిస్తాయి. కానీ అవి వదిలే జాడలు వేరు.

ఆ జాడలు ఈవెంట్ వ్యూయర్‌లో ఉంటాయి. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొడితే వస్తుంది. విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. తెరవగానే ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు వందల్లో కనిపిస్తాయి. టెన్షన్ పడకండి, ఏ జబ్బూ లేని కంప్యూటర్లో కూడా అవి ఉంటాయి. కుడివైపు ఫిల్టర్ ఉంది. అందులో నాలుగు నంబర్లు వేయండి: 1074, 6008, 1001, 41.

1074 కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. ఏ ప్రోగ్రామ్ రీస్టార్ట్ అడిగింది, ఏ యూజర్ పేరు మీద, ఎందుకు అన్నది అందులో రాసి ఉంటుంది. అది విండోస్ అప్‌డేట్ అయితే మెషీన్‌లో జబ్బేమీ లేదు. సెట్టింగుల్లో యాక్టివ్ అవర్స్, అంటే అప్‌డేట్ కోసం రీస్టార్ట్ చేయకూడని వేళలు, సరిచేసుకోండి, రోజులో 18 గంటల దాకా పెట్టుకోవచ్చు. "రాత్రి ఆన్‌లో వదిలేస్తే పొద్దునకి రీస్టార్ట్ అయి ఉంటోంది" అనే ఫిర్యాదుకి మొదట చూడాల్సింది ఇదే.

6008 అంటే, ఫలానా టైముకి సిస్టమ్ అనుకోకుండా ఆగిపోయిందని. కారణం చెప్పదు, కానీ టైము చెబుతుంది. ఆ టైములు ఒక కాగితం మీద రాసుకోండి. రోజూ దాదాపు ఒకే వేళకా, లేక ఎప్పుడూ గేమ్ మొదలుపెట్టిన కాసేపటికా, లేక పక్క గదిలో మోటారు వేసినప్పుడా? ఆ కాగితం ఖరీదైన టెస్టింగ్ పరికరం కంటే ఎక్కువ చెప్పిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఇక 41. దీని సోర్స్ పేరు కెర్నల్ పవర్. పేరులో పవర్ ఉంది కదా అని జనం పరిగెత్తుకెళ్లి ఎస్‌ఎంపీఎస్ కొంటారు. ఆగండి. ఈ ఎంట్రీని కంప్యూటర్ పడిపోతున్నప్పుడు రాయదు, తిరిగి లేచాక రాస్తుంది. హాజరు పట్టీలో "నిన్న చెప్పకుండా వెళ్లిపోయాడు" అని రాసుకోవడం లాంటిది అది. ఎందుకు వెళ్లాడో అందులో ఉండదు. అసలు సంగతి దాని డీటెయిల్స్ ట్యాబ్‌లో ఉంది. అక్కడ బగ్‌చెక్ కోడ్ అనే వరస చూడండి, విండోస్ కుప్పకూలిన రకానికి ఇచ్చే నంబరు అది. అందులో సున్నా కాకుండా ఏదైనా నంబరు ఉంటే అది బ్లూ స్క్రీన్, అంటే రెండో అనుమానితుడు. ఒక మెలిక ఉంది. ఇక్కడ నంబరు మామూలు దశాంశ పద్ధతిలో ఉంటుంది, బ్లూ స్క్రీన్ కోడ్‌ని మాత్రం మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు వాడే పద్ధతిలో, రాస్తారు. ఇక్కడ 159 కనిపిస్తే అక్కడి 9ఎఫ్ అన్నమాట. డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్. మార్చుకోకుండా ఇంటర్నెట్‌లో వెతికితే తప్పు జవాబు దొరుకుతుంది. అదే చోట పవర్ బటన్ టైమ్‌స్టాంప్ అని ఇంకో వరస ఉంటుంది. అందులో సున్నా కాకుండా ఉంటే ఎవరో పవర్ బటన్ నొక్కి పట్టుకున్నారని అర్థం. ఇంట్లో చిన్నపిల్లలుంటే ముందు ఇది చూడండి. (నవ్వులు)

అన్నీ సున్నాలే ఉంటే? విండోస్‌కి ఏం జరిగిందో రాసుకునే వ్యవధి కూడా లేదు. అక్కడి నుంచి మన చూపు మూడో అనుమానితుడి మీదకి వెళ్లాలి. రికార్డు లేకపోవడం కూడా రికార్డే. విండోస్ ఫార్మాట్ కొట్టే ముందు ఈ ఒక్క గడి చూస్తే చాలామందికి ఒక పూట ఆదా అవుతుంది. విండోస్ పూర్తిగా బిగుసుకుపోయి మనమే రీసెట్ నొక్కినా ఇలాగే సున్నాలు వస్తాయి. అందుకని ఆ సమయంలో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషిని "మీరేమైనా నొక్కారా" అని తప్పకుండా అడగాలి.

దీనికి తోడు ఒక సెట్టింగ్ మార్చాలి. బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు విండోస్ తనంతట తాను రీస్టార్ట్ అయిపోతుంది, మామూలుగా అలాగే సెట్ చేసి ఉంటుంది. దాంతో ఆ తెర క్షణం మెరిసి మాయమవుతుంది, ఆ సమయంలో మీరు తల తిప్పి ఉంటే చూడను కూడా చూడరు. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ, అక్కడ ఆటోమేటికల్లీ రీస్టార్ట్ దగ్గర టిక్కు తీసేయండి. ఈసారి బ్లూ స్క్రీన్ వస్తే కదలకుండా నిలబడి ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. టిక్కు తీశాక కూడా తెర నల్లబడి లోగో వస్తోందంటే, కారణం చాలావరకు విండోస్ కింద ఉన్నట్టే.

సాఫ్ట్‌వేర్ వల్ల రీస్టార్ట్ అవడం చిన్న విషయం అనుకోకండి. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ (తనంతట తానే పాకే వైరస్ లాంటిది) విండోస్ ఎక్స్‌పీ మెషీన్లలో ఒక సర్వీసును పడగొడితే, 60 సెకన్ల కౌంట్‌డౌన్ వచ్చి కంప్యూటర్లు రీస్టార్ట్ అయ్యేవి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. ఆ మెషీన్ల ఎస్‌ఎంపీఎస్‌లన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

ఇంకో ఉదాహరణ చెప్పకుండా ముందుకు వెళ్లలేను, నాకు చాలా ఇష్టమైంది. 1997 జులై 4న నాసా వ్యోమనౌక మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. కొన్ని రోజులకే అందులోని కంప్యూటర్ ఉండుండి రీసెట్ అవడం మొదలుపెట్టింది. అక్కడికి వెళ్లి ర్యామ్ తుడవడం కుదరదు కదా. ఇంజనీర్లు ఇక్కడ భూమి మీద ఉన్న అలాంటి సిస్టమ్‌లోనే ట్రేసింగ్ (లోపల జరిగే ప్రతి పనినీ రికార్డు చేసే ఏర్పాటు) ఆన్ చేసి, అదే లోపం మళ్లీ వచ్చేదాకా నడిపారు. దొరికింది. వాతావరణ వివరాలు సేకరించే తక్కువ ప్రాధాన్యం గల పని, ఒకసారికి ఒక్క పనే వాడుకోగల చోటి తాళం పట్టుకుని ఉండగా, మధ్య ప్రాధాన్యం గల పని దాన్ని పక్కకు నెట్టేది. ఆ తాళం కోసం ఎదురుచూస్తున్న ముఖ్యమైన పని వేళకి పూర్తయ్యేది కాదు. అది చూసి కాపలా వ్యవస్థ మొత్తాన్నీ రీసెట్ చేసేది. ఒక సెట్టింగ్ మార్చి పైకి పంపారు, సమస్య పోయింది. మనకి పనికొచ్చే ముక్క ఏమిటంటే, ఇలాంటి రీసెట్లు ప్రయోగానికి ముందు పరీక్షల్లోనే కనిపించాయి. మళ్లీ రప్పించలేకపోవడంతో కారణం తేలలేదు. "మళ్లీ రాలేదు కాబట్టి పోయినట్టే" అని మనమూ అనుకుంటూ ఉంటాం. దాని లెక్క చివర్లో చెబుతాను.

సరే, బ్లూ స్క్రీన్ అయితే కోడ్ దొరుకుతుంది. 1001 ఎంట్రీలో కూడా అదే కోడ్ ఉంటుంది. విండోస్ ఫోల్డర్లో మినీడంప్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని బ్లూస్క్రీన్‌వ్యూ లాంటి చిన్న టూల్‌తో తెరిస్తే ఏ డ్రైవర్ (ఒక హార్డ్‌వేర్ భాగాన్ని విండోస్‌తో కలిపి నడిపించే సాఫ్ట్‌వేర్) దగ్గర పడిందో చూపిస్తుంది. ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే డ్రైవర్ పేరు వస్తుంటే ఆ డ్రైవర్‌నే చూడండి: కొత్తదయితే పాతది, పాతదయితే కొత్తది. ప్రతిసారీ వేరే కోడ్, వేరే ఫైలు పేరు వస్తుంటే మాత్రం డ్రైవర్లను వదిలేసి ర్యామ్‌ని అనుమానించండి. చెడిన మెమరీలో ఏ ప్రోగ్రామ్ పడితే అది బలవుతుంది, అందుకే పేర్లు మారుతూ ఉంటాయి.

ర్యామ్ పరీక్షకి విండోస్‌లో ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ మొదటి చూపుకి ఫరవాలేదు. అది బాగుందంటే నేను నమ్మను, బాగాలేదంటే నమ్ముతాను. మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఎర్రరే. "ఒకటే కదా" అనే మాట ఇక్కడ చెల్లదు. వచ్చిందంటే వెంటనే ర్యామ్ కొనకండి. బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్‌లో ఉంటే తీసేసి మళ్లీ పరీక్షించండి. ర్యామ్ పెట్టె మీద రాసిన పెద్ద స్పీడు చాలాసార్లు ఓవర్‌క్లాకే, అంటే మామూలు ప్రమాణం కంటే పెంచి నడిపే వేగం. అన్ని మదర్‌బోర్డులూ, అన్ని ప్రాసెసర్లూ దాన్ని మోయలేవు. అప్పటికీ ఎర్రర్లు వస్తే ఒక్కో స్టిక్ విడిగా ఒకే స్లాట్‌లో పెట్టి, ఆ తర్వాత స్లాట్ మార్చి చూడండి. స్టిక్ ఎక్కడ పెట్టినా ఎర్రర్ వస్తే స్టిక్కుది తప్పు, ఏ స్టిక్ పెట్టినా ఒక స్లాట్‌లోనే వస్తే స్లాట్‌ది తప్పు.

లాగ్‌లో వీయా లాగర్ (WHEA-Logger) పేరుతో 18 నంబరు ఎంట్రీ ఉంటే అది హార్డ్‌వేర్ తనంతట తాను ఇచ్చిన వాంగ్మూలం. చాలావరకు ప్రాసెసర్ వైపు వేలు చూపిస్తుంది. ముందు ఓవర్‌క్లాక్, అండర్‌వోల్ట్ (వోల్టేజీ తగ్గించి నడపడం) లాంటి ప్రయోగాలన్నీ తీసేసి బయాస్‌ని డిఫాల్ట్‌కి తీసుకురండి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతిని క్రాష్ అవుతున్నాయని 2024లో తేలింది. దానికి బయాస్ ద్వారా మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చారు, వారంటీ కూడా రెండేళ్లు పెంచారు. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ని ఆ అప్‌డేట్ బాగుచేయదు, మార్చుకోవాల్సిందే.

ఇప్పుడు మూడో అనుమానితుడు. ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఉందాం.

ముందు విండోస్‌ని పూర్తిగా పక్కన పెట్టే పరీక్ష చేయండి. బయాస్ స్క్రీన్‌లోకి వెళ్లి కంప్యూటర్‌ని అలాగే గంటో రెండు గంటలో వదిలేయండి. అక్కడ కూడా రీస్టార్ట్ అయితే విండోస్ నిర్దోషి. అవకపోతే హార్డ్‌వేర్ నిర్దోషి అని మాత్రం అనలేం, ఎందుకంటే బయాస్‌లో గ్రాఫిక్స్ కార్డుకి పనే ఉండదు. అప్పుడు విండోస్‌ని ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్ లైనక్స్‌తో బూట్ చేసి బరువైన పని ఏదైనా నడిపి చూడండి.

తర్వాత, ఒక్క నిమిషం పట్టే పరీక్ష. క్యాబినెట్ ముందున్న రీసెట్ బటన్ నుంచి మదర్‌బోర్డుకి రెండు తీగల కనెక్టర్ వస్తుంది. దాన్ని పీకేసి నడపండి. బటన్ లోపల ఇరుక్కుపోయినా, దుమ్ము పట్టి తాకుతున్నా దానంతట అదే రీసెట్ కొడుతుంది. పవర్ బటన్ కూడా అంతే, అయితే అది ఇరుక్కుంటే రీస్టార్ట్ కాదు, నాలుగు సెకన్లకి ఆఫ్ అవుతుంది. అలాగే ముందు వైపు యూఎస్‌బీ పోర్టుల్లో వంగిన పిన్నులేమైనా తాకుతున్నాయేమో టార్చి వేసి చూడండి. ఎస్‌ఎంపీఎస్ కొనేముందు ఇవన్నీ చూడటానికి ఏమీ ఖర్చు కాదు.

ఇక పవర్. చాలామందికి ఒక సందేహం ఉంటుంది: పవర్ సప్లై పాడైతే ఆఫ్ అవ్వాలి కదా, మళ్లీ ఆన్ ఎందుకు అవుతోంది అని. ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే తీగల్లో ఒక బూడిదరంగు తీగ ఉంటుంది. దాన్ని పవర్ గుడ్ సిగ్నల్ అంటారు. వోల్టేజీలన్నీ హద్దుల్లో ఉన్నాయి అని ఎస్‌ఎంపీఎస్ ఆ తీగ మీద చెబుతూ ఉంటుంది. 12 వోల్టుల లైను సాధారణంగా 5 శాతం అటూ ఇటూ, అంటే 11.4 నుంచి 12.6 దాకా ఉండొచ్చు. ఆ సిగ్నల్ క్షణం పడిపోతే చాలు, మదర్‌బోర్డు ప్రాసెసర్‌ని రీసెట్‌లో పెట్టేస్తుంది. తిరిగి రాగానే వదిలేస్తుంది. మనకి అది రీస్టార్ట్‌లా కనిపిస్తుంది. అదే ఎస్‌ఎంపీఎస్‌లో ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ లాంటి రక్షణ వ్యవస్థ పనిచేస్తే మామూలుగా పూర్తిగా ఆగిపోతుంది, వెనక స్విచ్ తీసి వేసేదాకా లేవదు. కాబట్టి కస్టమర్ "ఆగిపోతోంది" అంటే వెంటనే అడగండి: ఆగి ఊరుకుంటోందా, ఆగి లేస్తోందా? రెండూ వేరు వేరు జబ్బులు.

వేడి సంగతి కూడా ఈ ప్రశ్నతోనే తేలుతుంది. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరికి వెళితే ముందు వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే ఆఫ్ అవుతుంది. వేడివల్ల నేరుగా రీస్టార్ట్ అవడం తక్కువ. అయినా హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి టూల్‌తో ఉష్ణోగ్రతలు ఫైల్లోకి రాయిస్తూ ఉంచండి. పడిపోయాక ఆ ఫైలు ఆఖరి వరస చూస్తే, పడేముందు ఎంత వేడి ఉందో ఊహించక్కర్లేదు. ఫ్యాన్లలో దుమ్ము మాత్రం కారణం ఏదైనా సరే దులపండి, దానికి లాగ్ అక్కర్లేదు.

ఎస్‌ఎంపీఎస్‌ని మల్టీమీటర్‌తో పరీక్షించి "12.1 ఉంది, బాగుంది" అనేవాళ్లని చూస్తుంటాను. మల్టీమీటర్ ఒక సగటు చూపిస్తుంది. మనల్ని పడగొట్టే కుదుపు మిల్లీసెకన్లలో వచ్చి పోతుంది, మీటరుకి అది కనిపించదు. పైగా కొత్త గ్రాఫిక్స్ కార్డులు క్షణాల్లో తమ మామూలు వాడకం కంటే చాలా ఎక్కువ లాగుతాయి. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, పవర్ సప్లై తన రేటింగ్‌కి రెండింతల కుదుపుని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని పెట్టారు. సరిగ్గా గేమ్ మొదలైనప్పుడో, మెనూ నుంచి ఆటలోకి వెళ్లినప్పుడో రీస్టార్ట్ అవుతోంటే దీన్నే అనుమానించండి. కార్డుకి రెండు కనెక్టర్లు ఉంటే ఒకే కేబుల్ రెండు తలలతో కాకుండా, రెండు వేరు వేరు కేబుళ్లు ఇవ్వండి. కార్డు పవర్ లిమిట్‌ని సాఫ్ట్‌వేర్‌లో 70 శాతానికి తగ్గించి ఆడి చూడండి. రీస్టార్ట్‌లు ఆగిపోతే దారి దొరికినట్టే. ఖాయం చేసుకోవడానికి మాత్రం, బాగుందని తెలిసిన, సరిపడా వాట్లున్న ఇంకో ఎస్‌ఎంపీఎస్ అరువు తెచ్చి బిగించడమే అసలైన పరీక్ష.

గోడ దాకా కూడా వెళ్లాలి. వదులుగా ఉన్న ప్లగ్గు, కాలిన సాకెట్, నాలుగేళ్లుగా ఎవరూ పట్టించుకోని యూపీఎస్, వీటిలో ఏదైనా కావచ్చు. యూపీఎస్‌లో ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లే వస్తుంది. బ్యాటరీ చచ్చిపోయినా కరెంటు ఉన్నంతసేపూ యూపీఎస్ పచ్చలైటు వెలిగిస్తూనే ఉంటుంది. కరెంటు రెప్పపాటు పోయినప్పుడు ఫ్యాను ఆగదు, ట్యూబ్‌లైటు ఆరదు, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. అన్నీ సేవ్ చేసుకుని, యూపీఎస్ ప్లగ్గుని ఒకసారి గోడ నుంచి తీసి చూడండి. అక్కడే పడిపోతే కంప్యూటర్ విప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఇందాకటి లెక్క. సగటున వారానికోసారి వచ్చే సమస్య అనుకుందాం. మీరు ఏదో మార్చారు, వారం రోజులు రాలేదు. బాగైందా? అసలు ఏమీ బాగుచేయకపోయినా, అది ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే రకమైతే, ఒక వారం రాకుండా గడిచే అవకాశం వందకి 37 ఉంటుంది. మూడు వారాలు గడిస్తే అది 5కి పడిపోతుంది. కాబట్టి మామూలుగా వచ్చే వ్యవధికి మూడింతలు ఆగండి, ఆ లోపల ఇంకేమీ మార్చకండి. అంతకాలం ఎవరాగుతారు అంటారా? అందుకే సమస్యని తొందరగా రప్పించే మార్గం వెతకమంటాను. గేమ్‌తో వస్తే గేమ్, వీడియో ఎడిటింగ్‌తో వస్తే అదే, లేకపోతే కంప్యూటర్ మీద కావాలని బరువు వేసే ఓసీసీటీ లాంటి లోడ్ టెస్ట్. పది నిమిషాల్లో రప్పించగలిగిన సమస్యని అరగంటలో పరీక్షించేయొచ్చు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభికుల్లో ఒకరు: ఎస్‌ఎంపీఎస్ విప్పి, ఉబ్బిన కెపాసిటర్లు మనమే మార్చుకోవచ్చా సార్?)

వద్దు. మదర్‌బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్ కనిపిస్తే, టంకం పని వచ్చినవాళ్లు మార్చొచ్చు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు నాసిరకం కెపాసిటర్లు మార్కెట్ నిండా వచ్చినప్పుడు అలా చాలా బోర్డులు బతికాయి. ఎస్‌ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్‌లో మాత్రం 300 వోల్టులకి పైగా ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిలిచి ఉండొచ్చు. దాన్ని విప్పకండి, మార్చేయండి. తీసిన పాతదాని మీద మార్కర్‌తో "పాడైంది" అని పెద్దగా రాయండి. లేకపోతే ఆరు నెలల తర్వాత దాన్నే అటక మీద నుంచి దించి, స్పేర్ ఉంది కదా అని ఇంకో మెషీన్‌లో బిగిస్తారు.